పళ్ళు ఇకిలించే డాక్టరమ్మ

మా పాప నోట్లో ఎప్పుడూ బొమ్మ ఉండేదన్న సంగతి బెజవాడ డాక్టరమ్మగారికి నేను చెప్పలేదు.

ఆవిడ ఏ బిడ్డనూ ముందు చేత్తో తాకేవారు కాదు. ఎదురుగా కూర్చుని తనే పళ్ళు ఇకిలించి "ఈ" అనేవారు. ఏడుస్తున్న పిల్లలు కూడా నవ్వి "ఈ" అనేవారు. అలా చిగుళ్ళు కనిపించేవి. కడుపునొప్పితో తీసుకెళ్ళిన మా పాప చిగుళ్ళ అంచున సన్నటి నీలిగీత ఉంది.

"ఇది సీసం, మీరు బొమ్మలకు వేసే రంగుల్లో ఉంటుంది. పాప బొమ్మలు నోట్లో పెట్టుకుంటుందా?"

"లేదండీ."

రంగు చెదిరి అమ్ముడుపోని బొమ్మల్ని మా కొండపల్లిలో ఇంటి పిల్లలకే ఇస్తాం. ఆ మాట పొక్కితే మా బొమ్మలెవరు కొంటారని భయపడ్డాను.

పాలు పట్టించి, కాల్షియం సూదులు వేసి పాప కడుపునొప్పి తగ్గించారు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే పాపకు ఫిట్స్ వచ్చాయి.

"ఇకిలించే డాక్టరు దగ్గరికెళ్తే ఇంతే మరి," అన్నారు ఇరుగుపొరుగు. నేను తల వంచుకుని బొమ్మలకు రంగు వేస్తూ ఉండిపోయాను.

ఆవిడ మళ్ళీ పాపను బతికించి, రైలెక్కి మా ఇంటికే వచ్చారు. ఊయల్లోని చిలకబొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీని ముక్కు ఎవరు తిన్నారయ్యా?"

తిట్టలేదు. వీధిలోని ప్రతి ఇంటికీ వెళ్ళి, పిల్లలందరి ముందూ ఇకిలించి, వాళ్ళ చిగుళ్ళు చూసి వెళ్ళారు.

పాప కోలుకున్నాక, రంగు వెయ్యని చెక్క చిలకను పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. పిల్లల్ని చూపించుకోవడానికి మా వీధివాళ్ళూ వచ్చి ఉన్నారు. వాళ్ళందరికీ వినిపించేలా అన్నాను.

"అమ్మగారూ, మీ వైద్యంలో లోపం లేదండీ. నేనే అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి."