రూత్ గారి రగ్గు మీద నా చెప్పులు

ముందే చెప్పేస్తున్నాను, దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు పడదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. "ఏమో, దానంతటదే జరిగింది" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. దానంతటదే ఏదీ జరగదు. ఎవరో ఏదో మార్చే ఉంటారు, అది తేలేదాకా నేను వదలను. నాకు జీతమిచ్చేదే అందుకు. మా పిన్ని ఒకావిడ ప్రతి పెళ్ళిలోనూ దెయ్యం కథ ఒకటి మొదలుపెట్టేది, నేను మధ్యలో లేచి కాఫీ తాగడానికి వెళ్ళిపోయేదాన్ని.

అలాంటి నేను ఇది రాయడానికి కూర్చున్నానంటే, తేల్చడం నా వల్ల కాలేదని అర్థం.

మేముండేది వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో. చుట్టూ డేటా సెంటర్లు, శని ఆదివారాలొస్తే ఎవరో ఒకరి ఇంట్లో పుట్టినరోజు. ఒక శనివారం పుస్తకాలు తిరిగిచ్చేద్దామని లైబ్రరీకి వెళ్తే పక్క హాల్లో రగ్గులు ప్రదర్శనకు పెట్టారు. చేతిపని చేసేవాళ్ళ సంఘం అది, గిల్డ్ అంటారు. ఫోన్ చూసుకుంటూ నడుస్తున్న నేను నేల మీద పరిచిన ఒక రగ్గు అంచు తొక్కాను. గబుక్కున వంగి దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాను.

పక్కన కుర్చీలో ఉన్న పెద్దావిడ అది చూశారు. ఎనభై దాటి ఉంటాయి, సన్నగా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఉన్నారు. ఇప్పుడు నువ్వు చేసిందేమిటి అని అడిగారు. మావైపు ఒకరి చేతిపనిని కాలితో తాకకూడదనీ, పొరపాటున తాకితే ఇలా క్షమించమని అడుగుతామనీ చెప్పాను.

"అమ్మాయ్, రగ్గు ఉన్నదే తొక్కడానికి," అన్నారు. "కానీ నా రగ్గుని ఇంతవరకు ఎవరూ క్షమాపణ అడగలేదు. వచ్చే శనివారం రా."

ఆవిడే రూత్ గారు. పెళ్ళైన కొత్తలో ఆ గిల్డ్‌లో చేరారట, ఆవిడతో పాటు చేరినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. వచ్చిన కొత్తవాళ్ళందరికీ పని నేర్పేది ఆవిడే. కుర్చీలు సర్దేదీ ఆవిడే, వద్దంటే వినరు. అక్కడ అందరూ ఆవిడని రూత్ అనే పిలిచేవారు. నాకు మాత్రం నోరు రాలేదు. మొదట్లో ఆంటీ అంటే నేనెవరికీ ఆంటీని కాదన్నారు. అందుకని ఎదురుగా ఏమీ అనకుండా నెట్టుకొచ్చి, మనసులో రూత్ గారు అనుకునేదాన్ని.

పని చూడ్డానికి తేలికే. పాత ఉన్ని కోట్లూ స్కర్టులూ సన్నటి పేలికలుగా కత్తిరిస్తారు. గోనెలాంటి గుడ్డ మీద బొమ్మ గీసి ఫ్రేమ్‌కి బిగిస్తారు. కింద నుంచి పేలికని చిన్న కొక్కెంతో పైకి లాగితే ఒక లూప్ వస్తుంది. అలా లూప్ పక్కన లూప్ లాగుతూ బొమ్మ నింపడమే. అందరూ పూలూ పక్షులూ చేస్తే రూత్ గారు మాత్రం ఇంట్లో కనిపించేవే చేసేవారు. తీగ మీద ఆరేసిన దుప్పట్లు, మంచులో సగం మునిగిన పోస్టు డబ్బా, స్టవ్ కింద పడుకున్న పిల్లి. ఆవిడది ఎడమచేతి వాటం, చూస్తూ నేర్చుకోవడం నాకు మొదట్లో ఎంత కష్టమైందో.

నాకొక జబ్బు ఉండేది. గుడ్డలో ఖాళీ కంత కనిపిస్తే ఆగలేను. మా ఇంట్లో విస్తట్లో ఖాళీ కనిపిస్తే వడ్డించేవాళ్ళకి అవమానం, ఆ బుద్ధే ఇక్కడా వచ్చింది. ప్రతి కంతలోనూ ఒక లూప్ కుక్కేసేదాన్ని. అలా కుక్కితే రగ్గు నేల మీద పరుచుకోదు, నూనెలో వేసిన అప్పడంలా పైకి లేస్తుంది. రూత్ గారు నా లూప్‌లు కొన్ని మాట్లాడకుండా లాగేసేవారు. లాగిన పేలికని పారేయరు. వేలికి చుట్టి, నత్తగుల్లంత చుట్టగా చేసి, పాత బిస్కెట్ డబ్బాలో వేసుకునేవారు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి.

శనివారాలు నేను గిల్డ్‌లో ఉండగా మా ఆయన శ్రీధర్ ఫోన్ చేసేవాడు. ఉప్పు డబ్బా ఎక్కడుంది, కుక్కర్ ఎన్ని కూతలు, ఇవే. నేను "చాల్లే, వచ్చి చూస్తా" అని పెట్టేసేదాన్ని. కొన్నాళ్ళయ్యాక ఒక రోజు రూత్ గారు, మీ చార్లీని కూడా ఒకసారి తీసుకురారాదా అన్నారు. ఏ చార్లీ అన్నాను. "అదే, మీ ఆయన. ఎప్పుడూ విసుక్కుంటావుగా పాపం, చార్లీ, చార్లీ అని."

నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అది పేరు కాదండీ, ఇంక ఆపు, సరిపోతుంది అని ముద్దుగా కసరడం అని చెప్పాను. ఆవిడకి ఆ మాట భలే నచ్చింది. అప్పటినుంచి నేను లూప్‌లు కుక్కడం మొదలుపెట్టగానే కొక్కెం వెనకవైపుతో నా ఫ్రేమ్ మీద టకటకా కొట్టి "చార్లీ" అనేవారు. ఎంత చెప్పినా 'చాల్లే' అనడం రాలేదు. అలా అంటున్నదెందుకో నాకూ ఆవిడకూ తప్ప ఆ గదిలో ఎవరికీ తెలియదు. మిగతావాళ్ళు పట్టించుకోలేదు కూడా.

తర్వాత తర్వాత ఆవిడ ఇంటికీ వెళ్ళేదాన్ని. వంటింటి వెనక తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్ళేదాన్ని, వద్దన్నా వినేదాన్ని కాదు. ఆవిడ చివరగా మొదలుపెట్టిన రగ్గు అదే. వెనక తలుపు, మెట్టు, మెట్టు మీద నా చెప్పుల జత. చెప్పుల బొమ్మేమిటండీ, ఇంకేం దొరకలేదా అన్నాను. "ఈ ఇంటికి ఎవరో వచ్చారని తెలిసేది వాటిని చూసే కదా," అన్నారు. భర్త పోయి చాలాకాలమైంది ఆవిడకి, పిల్లలు లేరు.

ఆవిడకి ఒంట్లో బాగాలేదని తెలిసేసరికే బాగా ముదిరిపోయింది. అప్పటికి రగ్గంతా అయిపోయింది, రెండో చెప్పు తప్ప. మొదటి చెప్పు ఆవిడ చేశారు. రెండోది గుడ్డ మీద గీత గీసి వదిలేశారు. అది నువ్వు చెయ్యి, నేను పక్కన కూర్చుంటాను అన్నారు.

సరిగ్గా అప్పుడే నాకు వీసా స్టాంపింగ్ పడింది. వాయిదా వేస్తే ఉద్యోగానికే ఇబ్బంది. హైదరాబాద్ వెళ్ళి వారంలో వచ్చేస్తానని చెప్పాను. వెళ్ళినదాన్ని ఇరుక్కుపోయాను, కాన్సులేట్ వాళ్ళు అదనంగా పరిశీలించాలన్నారు, పాస్‌పోర్ట్ చేతికి రాలేదు. మా ఆడపడుచు ఇంట్లో కూర్చుని రోజూ స్టేటస్ రిఫ్రెష్ చేసుకుంటుండగా గిల్డ్ ప్రెసిడెంట్ కేరల్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. రూత్ నిద్రలో వెళ్ళిపోయింది అని. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఎవరు పోయారని అడిగితే ఏ వరస చెప్పాలో తెలియలేదు.

తిరిగొచ్చాక కేరల్ ఆ రగ్గుని ఫ్రేమ్‌తో సహా మా ఇంట్లో దించి వెళ్ళింది. చెప్పు కోసం కత్తిరించిన గోధుమరంగు పేలికలూ, కొక్కెమూ, బిస్కెట్ డబ్బా కూడా. గిల్డ్‌లో రూత్ గారి కోసం సభ పెడుతున్నారు, ఆవిడ రగ్గులన్నీ పరుస్తారు, ఆ రోజుకి ఇది పూర్తవ్వాలి. ఎలాగూ అది నీ భాగమే కదా అంది.

చిన్న చెప్పు అది. ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. నాకు మాత్రం చేతులు రాలేదు. అది పూర్తయితే ఆవిడతో నాకు మిగిలిన పని ఇంక ఏదీ ఉండదు. రోజూ ఫ్రేమ్ ముందు కూర్చుని నాలుగు లూప్‌లు వేసి లేచిపోయేదాన్ని. తర్వాత ఇంకోలా మొదలైంది. చెప్పు నిండిపోయినా ఆపలేకపోయాను. మధ్యలో వెతికి వెతికి కంత కనిపించిన చోటల్లా ఇంకొకటి, ఇంకొకటి కుక్కుతూ పోయాను. ఆ మూల మొత్తం బొబ్బలా ఉబ్బిపోయింది. సభ దగ్గర పడింది. ఆదివారం మధ్యాహ్నం దాన్ని ఫోటో తీసి, ఇలా పాడుచేసుకున్నాను, ఏం చెయ్యను అని కేరల్‌కి పంపాను. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

తర్వాత నేనూ శ్రీధర్ ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాం. ఇద్దరం ఒకే కార్‌లో వెళ్ళాం, ఒకే కార్‌లో వచ్చాం. తలుపు తాళం నేనే వేశాను, నేనే తీశాను. గోంగూర కట్టలు వంటింట్లో పెట్టి హాల్లోకి వచ్చాను. కిటికీలోంచి ఎండ నేరుగా ఫ్రేమ్ మీద పడుతోంది.

రగ్గు చదునుగా ఉంది.

నా లూప్‌లు కొన్ని లాగేసి ఉన్నాయి. అక్కడొకటి అక్కడొకటి, ఎక్కడ తీయాలో తెలిసిన చెయ్యి తీసినట్టు. మిగతావి సర్దుకుని చెప్పు చెప్పులా ఉంది, పక్కనున్న చెప్పుకి జతలా ఉంది. ఫ్రేమ్ అంచు మీద లాగిన పేలికలన్నీ నత్తగుల్లంత చుట్టలుగా వరసగా పెట్టి ఉన్నాయి. కొక్కెం ఫ్రేమ్‌కి ఎడమవైపు ఉంది.

చల్లగాలి వీచలేదు, ఏ వాసనా రాలేదు, నాకు భయం కూడా వెయ్యలేదు. ఫ్రేమ్ ముందు నేల మీద కూర్చుని ఆ చుట్టలు లెక్కపెట్టాను. శ్రీధర్ వచ్చి చూశాడు. వాడిది కరీంనగర్, ఏదైనా ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

"నువ్వే తీసి మర్చిపోయినవ్. పొద్దుగాల నుంచి దాని ముందే కూసున్నవ్ గదా," అన్నాడు.

నేనూ అదే అనుకుని మొదలుపెట్టాను. ఫోటో తీశాక ఇంట్లో ఉన్నది ఎంతసేపు? చెప్పులేసుకుని బయల్దేరడమే. డోర్ కెమెరా చూశాను, మేము వెళ్ళడం, మేము రావడం, మధ్యలో ఒక ఉడత. తాళంచెవి ఇంకెవరి దగ్గరా లేదు. గరాజ్ తలుపు తెరుచుకుంటే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, అదీ రాలేదు. చివరికి ఆ చుట్టలు పట్టుకున్నాను. నేను పేలికని చుడితే కుడివైపు తిరుగుతుంది, ఎన్నిసార్లు చుట్టినా అంతే. ఇవి అన్నీ ఎడమవైపు తిరిగి ఉన్నాయి. బిస్కెట్ డబ్బా తెరిచి రూత్ గారి పాత చుట్టలు పక్కన పెట్టి చూశాను. ఏది ఏదో చెప్పలేం. శ్రీధర్ చాలాసేపు చూసి, "చాయ్ పెడ్తా" అని లేచిపోయాడు.

డబ్బాలోంచే తీసి అక్కడ పెట్టావేమో అని మీరనొచ్చు. కానీ మరి రగ్గులోంచి లాగేసిన నా పేలికలు ఎక్కడ? ఇల్లంతా వెతికాను, చెత్తబుట్టతో సహా.

సభ రోజు రగ్గులన్నీ నేల మీదే పరిచారు, ఆవిడ అలాగే చెప్పి పోయారట. కేరల్ మా రగ్గుని చూసి, ఫోటోలో అంత ఉబ్బి ఉందే, భలే సరిచేశావు అంది. తర్వాత అందరూ టీ తాగుతుంటే నన్ను పక్కకు పిలిచింది. చివరి రోజుల్లో రూత్ గారి దగ్గర కూర్చున్నది ఆమే.

"నిన్నొకటి అడగాలి. నీతో ఎప్పుడైనా చెప్పిందా, చార్లీ ఎవరు?"

కప్పు బల్ల మీద పెట్టేశాను.

చివరి రెండు రోజులూ అదే మాటట. కళ్ళు మూసుకుని, చార్లీ, చార్లీ అని. నర్సులు కొడుకేమో అనుకున్నారు. గిల్డ్‌లో వాళ్ళు పాత అడ్రసు పుస్తకాలన్నీ వెతికారు, చర్చిలో అడిగారు, ఆ పేరుగలవాడు దొరికితే కబురు చేద్దామని. ఎవరూ దొరకలేదు. "బాధపడుతూ పిలిచినట్టు లేదు," అంది కేరల్. "ఎవరినో మందలిస్తున్నట్టు, నవ్వుతూ అనేది. ఎడమచేత్తో దుప్పటి మీద ఏదో లాగి, వేలికి చుట్టి, పక్కన పెట్టేది. మళ్ళీ లాగేది."

నేను ఏడుస్తూనే నవ్వాను, కేరల్ బెదిరిపోయింది. చార్లీ మా ఆయన అని మాత్రం చెప్పగలిగాను. మిగతాది ఏ భాషలో చెప్పాలో తెలియలేదు.

ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను, రెండో చెప్పు మీద అప్పటికి ఒక్క లూప్ కూడా పడలేదు. నేనెంత కుక్కుతానో ఆవిడకి ముందే తెలుసా? మా ఇంట్లో ఆ మధ్యాహ్నం ఆ పేలికలు ఎవరు లాగారు? ఇన్నాళ్ళుగా తిరగేసి బోర్లేసి చూస్తున్నాను. టెస్టర్‌ని కదా, తేలలేదు అని రాయడం నాకు చేతకాదు. అయినా రాస్తున్నాను.

రగ్గుని గిల్డ్ వాళ్ళు నాకే ఇచ్చేశారు. మా వెనక తలుపు దగ్గర పరిచాను. బయటినుంచి వచ్చి చెప్పులు దాని పక్కన విప్పి, వట్టి కాళ్ళతో దాని మీద కాసేపు నిలబడతాను. మొదట్లో వంగి కళ్ళకద్దుకునేదాన్ని, ఇప్పుడు మానేశాను, ఉన్నదే తొక్కడానికి అన్నారుగా. రెండు చెప్పులూ కాలికి ఒకేలా తగులుతాయి. మళ్ళీ ఎప్పుడైనా ఆ టకటకా వినబడుతుందేమోనని చెవి అటే ఉంటుంది. ఇంతవరకు వినబడలేదు.

ఆవిడ చాల్లే అనేసి వెళ్ళిపోయారు. నాకే చాల్లేదు.