అక్కయ్య త్రీడీ పరీక్ష

ఆ ఆసుపత్రిలో గర్భిణులకు స్కానింగు చేసే గదిలో ఇరవై రెండేళ్లుగా ఆవిడ అందరికీ అక్కయ్యే. కడుపు మీద ఆనించే ప్రోబ్ పట్టుకుందంటే చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు. "ఇదిగో గుండె, ఇదిగో వెన్ను" అంటూ కడుపంతా కలయదిరిగేది. నిద్రలో కూడా ఆ చెయ్యి ఆడుతుందని మొగుడి ఫిర్యాదు. అలాంటి మనిషి ముందు బిడ్డ మొహాన్ని బొమ్మకట్టి చూపే త్రీడీ యంత్రం పెట్టి, కదలొద్దన్నారు!

నేర్పడానికొచ్చిన అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. "బటన్ నొక్కాక చెయ్యి కదపకూడదక్కా. ప్రోబ్ లోపలి భాగం దానంతటదే తిరుగుతూ బొమ్మ తీస్తుంది. మీరు కదిలితే బొమ్మ చెదిరిపోతుంది."

వారమంతా చెదిరిన బొమ్మలే. ఒక బిడ్డకు రెండు ముక్కులు, ఇంకో బిడ్డకు లేని పెదవి చీలిక. శుక్రవారం పరీక్ష. తప్పితే రిపోర్టుల కౌంటర్లో కూర్చోవాలి. ఆ మాట తలుచుకుంటే అక్కయ్యకు ముందు ఒళ్లు మండేది, వెంటనే భయం వేసేది. ఇంట్లో దిండు మీద టీవీ రిమోట్ ఆనించి సాధన చేస్తుంటే, "దిండుకు ఎన్నో నెల?" అని మొగుడు నవ్వాడు. ఆవిడకు నవ్వు రాలేదు. అన్నం కూడా సయించలేదు.

శుక్రవారం బల్ల మీద తొలి కాన్పు పిల్ల. అక్కయ్య జెల్ రాసి, ఊపిరి బిగబట్టి బటన్ నొక్కింది. అంతవరకూ గలగలా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా గప్‌చుప్ అయ్యేసరికి ఆ పిల్ల బెదిరిపోయింది.

"ఏమైందమ్మా? ఏదైనా తేడా ఉందా?"

"ఏం లేదే తల్లీ!" అనేసింది అక్కయ్య. చెయ్యి కదిలింది, బొమ్మ పాడైంది.

"ఇంకొక్కసారే ఇస్తానక్కా," అంది నేర్పే అమ్మాయి.

అక్కయ్య ఈసారి ముందే చెప్పింది. "కాసేపు నేను మాట్లాడను. యంత్రం కోసమే, భయపడకు. మనసులో పది లెక్కపెట్టు." ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. బుగ్గలు, మూసిన కళ్లు, చిట్టి గడ్డం చెక్కుచెదరకుండా తెర మీదికి వచ్చాయి.

"పాసయ్యారక్కా! ఇక చాలు, లేవండి."

బల్ల మీది పిల్ల తెర వైపు చూడటం లేదు. అక్కయ్య మొహంలోకే చూస్తోంది. "అంతా బాగుందా అమ్మా?"

అంతసేపూ తను చూసింది బొమ్మనే గాని బిడ్డను కాదని అక్కయ్యకు అప్పుడు తట్టింది. పాత ప్రోబ్ అందుకుని, మళ్లీ జెల్ వేసింది.

"ఉండమ్మా. చూసి చెబుతాను."