ఆయన మాట మారినా, తెలుగులో చెప్పింది నేనే

ఒక జూలైలో, ఖతర్‌లోని అల్ షహానియా వైపు ఒంటెల ఫారంలో పనిచేసే మనిషిని దోహాలో మా ఎమర్జెన్సీ వార్డుకు తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది. చెమట మాత్రం చుక్క లేదు. ఎండలో పడిపోయినవాడికి చెమట ఆగిపోయిందంటే ఏమిటో ఇక్కడి నర్సులందరికీ తెలుసు. చంకల్లో, గజ్జల్లో మంచు సంచులు పెట్టి, తడి గుడ్డలు కప్పి, ఫ్యాన్లు తిప్పాం. కళ్ళు తెరవకుండానే ఏదో గొణుగుతున్నాడు. ఏ భాషో ఎవరికీ అంతుపట్టలేదు. నేను వంగి విన్నాను.

"వాటికి నీళ్ళు వెట్టిండ్రా?" అంటున్నాడు. ఒంటెల గురించి.

మనిషి బతికాడు. కిడ్నీలు మాత్రం దెబ్బతిన్నాయి. ఊరు జగిత్యాల దగ్గర. వయసు యాభైకి అటూ ఇటూ. నాది పశ్చిమ గోదావరి. ఆయన తెలుగు నాకు, నా తెలుగు ఆయనకు కాస్త వింతగానే ఉండేవి. ఆయన నన్ను సిస్టరమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. వార్డులో మరో తెలుగు మనిషి లేకపోవడంతో డాక్టరు చెప్పింది ఆయనకు, ఆయన చెప్పింది డాక్టరుకు చేరవేయడం నా పనైపోయింది.

ఆయన ఇంకా మంచం మీద ఉండగానే ఒక చలి దేశం నుంచి పార్లమెంటు సభ్యుల బృందం వచ్చింది. వాళ్ళు వచ్చింది గ్యాసు కొనుగోలు మాటల కోసం. మధ్యలో ఖాళీ దొరికితే మా ఆసుపత్రి చూపించారు. అందులో ఒక పెద్దాయన సంప్రదాయవాద పార్టీవాడు. వాతావరణం వేడెక్కుతోందంటే ఆ పార్టీవాళ్ళకు నచ్చదనీ, వాళ్ళముందు ఆ మాట ఎత్తవద్దనీ మా పీఆర్ ఆఫీసరు మమ్మల్ని ముందే హెచ్చరించాడు.

ఎత్తింది ఆ పెద్దాయనే. ఎండదెబ్బ కేసు అని వినగానే మంచం దగ్గర ఆగిపోయాడు. తాను ఇన్నేళ్ళూ వాతావరణం గురించిన చట్టం ఏది వచ్చినా వ్యతిరేకంగానే ఓటు వేశాననీ, అదంతా పట్నం వాళ్ళు రైతులను బెదిరించడానికి అల్లిన కథ అనుకున్నాననీ డాక్టరుతో చెప్పాడు. నిరుటి వేసవిలో తన నియోజకవర్గంలో అడవి తగలబడిందట. తనకు పెళ్ళి జరిగిన చర్చి చుట్టూ వారం పాటు పొగ కమ్ముకుందట. ఇళ్ళల్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు వేడికి చనిపోయారట. ఇప్పుడు తన జనానికి ఏం చెప్పాలో తెలియడం లేదన్నాడు. గొంతులో నాటకం ఏమీ కనిపించలేదు నాకు.

పడిపోయినప్పుడు ఎలా అనిపించిందో అడగమని నాతో అన్నాడు. అడిగాను.

"ఏం జెప్పాలె సిస్టరమ్మా. కాళ్ళు నావి గానట్టయినయి. ఒక్క ఒంటె రెండొంటెలు గనిపిచ్చింది. గంతే."

అది ఇంగ్లీషులో చెప్పాను. ఇంతకుముందు కూడా ఇలాగే ఉండేదా అని పెద్దాయన అడిగాడు.

"ఎండ ఎప్పుడున్నదేనాయె. ఇప్పుడు పొద్దుగూకినా సల్లవడ్తలేదు."

అదీ చెప్పాను. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పిల్లలెంతమందని అడిగాడు. ఇద్దరు ఆడపిల్లలని తెలిశాక తలూపి, మంచం చివర కాసేపు చెయ్యి ఆనించి నిలబడి, వెళ్ళిపోయాడు.

కొన్ని నెలలకు పీఆర్ ఆఫీసరు క్యాంటీన్‌లో నా పక్కకు వచ్చి కూర్చుని ఫోన్‌లో ఒక వీడియో పెట్టాడు. పెద్దాయన వాళ్ళ పార్లమెంటులో మాట్లాడుతున్నాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. ఎడారిలో ఒంటెల కాపరి ఒకడు తన చెయ్యి పట్టుకుని, భూమికి జ్వరం వచ్చిందయ్యా అన్నాడట. మా జగిత్యాల అన్న ఆ మాట అనలేదు. ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. అనువదించింది నేనే కాబట్టి ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు. అయినా ఆ రోజు పెద్దాయనా, ఆయన వెనక కూర్చున్న మరికొందరూ పార్టీ మాట కాదని ఓటు వేస్తే చట్టం నెగ్గింది. బొగ్గు, గ్యాసు వాడకం తగ్గించుకుంటూ పోవాలన్న చట్టం. నేను పెరుగన్నం తింటూ మొత్తం చూశాను. బాగానే జరిగిందనిపించింది. మధ్యాహ్నం డ్యూటీలో పడి మళ్ళీ దాని ఊసే తలచుకోలేదు.

అన్న కిడ్నీ పరీక్షలకు వచ్చినప్పుడు విషయం చెప్పాను.

"నా పేరు జెప్పిండా?" అని అడిగాడు.

లేదన్నాను.

"మంచిదే తియ్. మా కఫీల్ చెవులవడితే లొల్లయితది."

కఫీల్ అంటే ఆయన్ని పనిలో పెట్టుకున్న యజమాని. ఆ యజమాని చెడ్డవాడు కాదు. ఒంటెల పని మాన్పించి, ఫారం వంటింట్లో రొట్టెలు కాల్చే పనిలో పెట్టాడు. పొయ్యి ముందు పని. అదైనా నీడపట్టున కదా అని అన్న సర్దుకున్నాడు.

ఏడాది దాటింది. ఆ చలి దేశంలో ఇళ్ళు వెచ్చగా ఉంచుకునే ఖర్చు పెరిగి జనం గోల పెట్టారు. రైతులు ట్రాక్టర్లతో రోడ్లు ఆపేశారు. పార్టీకి కొత్త నాయకుడు వచ్చాడు. ఇవన్నీ పీఆర్ ఆఫీసరు చెబితే తెలిసినవే. పెద్దాయన మళ్ళీ దోహా వస్తున్నాడనీ, ఆ ఒంటెల మనిషిని ఒకసారి చూడాలని అడుగుతున్నాడనీ కూడా ఆయనే చెప్పాడు. అన్న పరీక్షకు వచ్చే రోజు చూసి కలిపారు. నేను అప్పటికి వేరే వార్డుకు మారాను. అయినా తెలుగు కోసం పిలిచారు.

చిన్న గదిలో ముగ్గురం కూర్చున్నాం. పెద్దాయన ఖర్జూరాల డబ్బా తెచ్చాడు. కిడ్నీ రోగికి ఖర్జూరం పడదు. అన్న రెండు చేతులతో తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆరోగ్యం, పిల్లల చదువు అయ్యాక పెద్దాయన అసలు విషయానికి వచ్చాడు. ఆ చట్టాన్ని రద్దు చేయడం లేదని, అమలును కొన్నేళ్ళు వెనక్కి జరుపుతున్నామని చెప్పాడు. తన ఊరి ముసలమ్మలు చలికాలంలో హీటరు వేసుకోవాలా తిండి తినాలా అని తేల్చుకోలేకపోతున్నారన్నాడు. అడవి కాలినప్పుడు ఆ మనుషుల దగ్గరికే వెళ్ళాననీ, ఇప్పుడూ ఆ మనుషుల మాటే వింటున్నాననీ అన్నాడు.

"నేను ఈయన్ని మరిచిపోలేదని చెప్పండి," అన్నాడు నాతో.

అంతా చెప్పాను. వాక్యం తర్వాత వాక్యం, ఏదీ వదలకుండా. రక్తం రిపోర్టు చదివినట్టు చదివేశాను. చెబుతున్నంతసేపూ నాలో కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఏసీ గాలి నేరుగా మెడ మీద కొడుతుంటే, కుర్చీ కాస్త జరుపుకుంటే బాగుండుననిపించింది.

అన్న తలవంచుకుని విన్నాడు. తర్వాత అడిగాడు.

"ఎన్నికలున్నయా వాళ్ళకు?"

ఉన్నాయన్నాను. పెద్దాయనను అడగకుండానే చెప్పాను.

"మల్ల ఎప్పుడు మారుతడట?"

అందులో ఎత్తిపొడుపు లేదు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు అడిగాడు. దాన్ని ఇంగ్లీషులో ఎంత మెత్తగా చెబుదామన్నా కుదరలేదు. మీరు మళ్ళీ ఎప్పుడు మారతారని అడుగుతున్నాడు సార్ అన్నాను. పెద్దాయన ముఖం ఎర్రబడి, కాసేపటికి మామూలైంది. కిటికీ వైపు చూశాడు.

"నాకు తెలియదు," అన్నాడు చివరికి.

"తెలియదంటున్నారు అన్నా."

"అట్లనా," అని అన్న లేచాడు. ఫారం బండి వచ్చే వేళయింది.

సాయంత్రం మెట్రోలో అల్ వక్రాలో ఇంటికి చేరాక మా ఆయనకు ఇదంతా చెప్పాను. ఆయన లుంగీ కట్టుకుంటూ విన్నాడు.

"అయితే ఆ పెద్దాయన్ని తిట్టాలంటావా?" అన్నాడు.

"ఏమో. అలా అనలేదు."

"మరేంటి?"

చేపల రేవుకు నడిచి వెళ్ళి షేరీ చేపలు తెచ్చుకున్నాం. పులుసు బాగా కుదిరింది.

ఎన్నికలయ్యాయి. పెద్దాయన గెలిచాడు, మంత్రి అయ్యాడు. చట్టం అమలు మరీ వెనక్కి పోయింది. రేపు మళ్ళీ అడవులు కాలితే ఆ పార్టీ ముందుకు జరుపుతుందేమోనని పీఆర్ ఆఫీసరు అంటాడు. ఆయనకు అలాంటివి లెక్కేసుకోవడం సరదా. ఇక్కడ వేసవిలో మధ్యాహ్నం పూట బయటి పని ఆపిస్తారు, అది మాకు మేలే. వార్డు మాత్రం ఖాళీగా ఉండటం లేదు.

అన్న కిడ్నీలు ఆ చలికాలంలో పూర్తిగా చెడ్డాయి. కఫీల్ టికెట్ కొని ఇంటికి పంపించాడు. ఇప్పుడు జగిత్యాలలో డయాలసిస్ మీద ఉన్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. నీళ్ళు గ్లాసు లెక్కన తాగాలంటే కష్టంగా ఉందంటాడు.

"మా ఊళ్ళె అందరు దుబాయ్‌ల ఎండదెబ్బ తాకిందంటరు సిస్టరమ్మా. ఖతర్ అని జెప్త. ఎవ్వరు ఇనరు."

పెద్దమ్మాయి కంప్యూటరు కోర్సులో చేరిందని పోయినసారి చెప్పాడు. మాట మధ్యలో అలసిపోయి ఫోన్ భార్యకు ఇచ్చాడు.

నెల కిందట పీఆర్ ఆఫీసరు నన్ను పిలిచాడు. మంత్రిగారి ఆఫీసు నుంచి మెయిల్ వచ్చిందట, ఒంటెల కాపరి ఎలా ఉన్నాడని. దయగానే రాశారు. బాగున్నాడని రాసేయమంటారా అని అడిగాడు.

"ఉన్నది రాయండి," అన్నాను.

బెడ్ నంబరు తొమ్మిదిలో సెలైన్ అయిపోవస్తోందని ఎవరో పిలిస్తే అటు వెళ్ళాను. ఆయన ఏం రాశాడో చూడలేదు.