కోటిలింగాలలో నేను చూపించిన తప్పు దిబ్బ

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆదివారాలు టూరు బస్సులో గైడుగా వెళ్తాను. పొద్దున్నే వేములవాడ, అక్కణ్నుంచి కొండగట్టు, మధ్యాహ్నానికి ధర్మపురి, ఆఖరికి గోదావరి ఒడ్డునే ఉన్న కోటిలింగాల. గుళ్ల దగ్గర నాకు పెద్దగా పని ఉండదు. దేవుళ్ల సంగతులు బస్సులో కూర్చున్న ఆడవాళ్లకే నాకన్నా బాగా తెలుసు. నా గొంతు లేచేది కోటిలింగాలలోనే. శాతవాహనుల కాలపు పట్నం, నది మీద పడవల్లో సరుకులు వచ్చి దిగిన చోటు, మట్టికోట, నాణేలు. మైకు పట్టుకుని ఇవన్నీ చెబుతుంటే నా మాటలు నాకే ముద్దొచ్చేవి.

అసలు సంగతేమిటంటే, ఆ కోటను నేను సరిగ్గా చూడనే లేదు. పుస్తకంలో చదివాను. ఒకసారి తోటి లెక్చరర్ ఒకాయన రోడ్డు మీద నిలబడి చెయ్యి చాపి, అదిగో అటు, అన్నాడు. అంతే. మొదటి ట్రిప్పుకు వెళ్లినప్పుడు ఆ వైపంతా తుమ్మచెట్లు, ముళ్లు. బస్సులో సగం మంది మోకాళ్ల నొప్పులవాళ్లు. బస్సు ఆగిన చోటికి పది అడుగుల్లో ఒక ఎత్తైన మట్టిదిబ్బ ఉంటే, ఇదే కోట బురుజు అనేశాను. ఎవరూ కాదనలేదు. మూడో ట్రిప్పుకల్లా నేనూ నమ్మేశాను. ఆ ట్రిప్పులో రిటైరైన డాక్టరు ఒకాయన దిబ్బ మీది మట్టి చిటికెడు తీసి, కళ్లకద్దుకుని, చేతిరుమాలులో మూటకట్టుకున్నాడు. ఆ రోజు గర్వంతో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ ట్రిప్పులోనే ఒక ముసలమ్మ కూడా వచ్చింది. డెబ్భై ఏళ్లకు దగ్గరగా ఉంటుంది. దుబాయిలో ఉన్న కొడుకు ఫోన్లోనే సీటు బుక్ చేసి పంపాడట. ఒక్కతే వెనక సీట్లో కూర్చుంది. పొద్దుటి నుంచి ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. నేను దిబ్బ ఎక్కి మైకులో చెబుతుంటే, ఆమె జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా అంది.

"గిది కోట గాదు సారూ. రోడ్డు ఏసినప్పుడు పోసిన మట్టి గిది. కోట గా దిక్కున్నది."

ఆమె గుట్టుగానే చెప్పింది. అలాగా అవ్వా, చూద్దాం పద, అని ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ నా చెవులు వేడెక్కాయి. మైకు నోటి దగ్గరే ఉంది.

"అవ్వ నాకు పాఠం చెప్తున్నది," అన్నాను అందరికీ వినిపించేలా. "ఇగ నేను కూసుంట, మిగతా చరిత్ర అవ్వనే చెప్తది. ఏం అవ్వా, ఎన్నో తరగతి దాకా చదువుకున్నవ్?"

అందరూ నవ్వారు. డాక్టరు గారు కూడా నవ్వారు. ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, నాకేమెర్క సారూ, మీరు చదువుకున్నోళ్లు, అని వెనక్కి తగ్గింది. నేను చెప్పడం కొనసాగించాను. ఆ తర్వాత ఇంకా బాగా చెప్పానని కూడా గుర్తు.

అందరూ గుడి చూసి, పడవెక్కి, తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. వెతుక్కుంటూ తుమ్మచెట్ల వైపు నడిచాను. ముళ్లు తప్పించుకుంటూ లోపలికి పోతే, ఒక గట్టు పక్కన నిలబడి ఉంది. గట్టు విరిగిన చోట ఇటుకల వరుసలు కనబడుతున్నాయి. మన ఇటుకలకు రెండింతలు పెద్దవి. నేను పుస్తకంలో కొలతలు చదివిన ఇటుకలే.

బస్సుకు ఆలస్యమవుతోందని నేను తొందరపెట్టలేదు. ఆమే చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో, నలభై ఏళ్లకు పైనే అయి ఉంటుంది, ఇక్కడ తవ్వకాలు జరిగినప్పుడు ఆమె కూలికి వచ్చిందట. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు తట్టలు మోసి, మట్టిని జల్లెడ పట్టేవాళ్లు. కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన బావి ఎక్కడ బయటపడిందో చూపించింది. పూసలు దొరికిన చోటు చూపించింది. ఆమె ఊరు తర్వాత ప్రాజెక్టు నీళ్లలో పోయింది. ఇప్పుడు ఉంటున్నది కొత్త కాలనీలో. ఈ చోటు మళ్లొకసారి చూడాలనే బస్సెక్కిందట.

నేను ఫోన్ తీసి ఇటుకల ఫొటోలు తీసుకున్నాను. ఇద్దరం బస్సు దగ్గరికి వచ్చాం. కరీంనగర్‌కు రెండు గంటల దారి. మైకు నా ఒళ్లోనే ఉంది. నేను చూపించింది తప్పు, ఈ అవ్వ చెప్పింది నిజం, అనడానికి ఒక్క నిమిషం చాలు. నేను భక్తిపాటలు పెట్టించాను.

అంతకన్నా సిగ్గుపడాల్సింది తర్వాత జరిగింది. మరుసటి ట్రిప్పులో జనాన్ని తిన్నగా తుమ్మచెట్లలోకి తీసుకెళ్లాను. ఇటుకలు చూపించాను. బావి, పూసలు, జల్లెడ, అన్నీ చెప్పాను. ఆమె మాట ఒక్కటీ వదల్లేదు, ఆమెను తప్ప. ఇదంతా ఎలా తెలుసు సార్ అని ఒకరు అడిగితే, చాలా ఏళ్ల పరిశోధన, అన్నాను. దాన్ని ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారు.

పది రోజులకు దుబాయి నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. బుకింగ్ మెసేజ్‌లో నా నంబరు ఉందట. అతను గొంతు పెంచలేదు.

"సార్, మీ వీడియో మా అవ్వకు ఫోన్ల సూపెట్టిన. చానా సంబురపడ్డది. గవన్నీ మా చిన్నప్పుడు మాకు చెప్పేటి ముచ్చట్లే సార్. సారుకు నేనే చెప్పిన అన్నది. నిజమేనా సార్?"

నిజమే అన్నాను. మంచిది సార్, అని అతను ఫోన్ పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అవ్వ వచ్చిన ట్రిప్పు వాళ్ల వాట్సాప్ గ్రూపు ఇంకా నా ఫోన్లో ఉంది. నేను చూపించిన దిబ్బ తప్పని అందులో రాయడానికి నాలుగు రోజులు పట్టింది. చాలామంది చూసి ఊరుకున్నారు. డాక్టరు గారు మాత్రం ఆ మట్టి దేవుడి గదిలో పెట్టుకున్నామని, ఇప్పుడేం చెయ్యాలో చెప్పమని అడిగారు.

ఆదివారం దాకా ఆగకుండా, ఆమె కొడుకును ఇల్లెక్కడో అడిగి, బస్సెక్కి ఆమె కాలనీకి వెళ్లాను. వాకిట్లో పల్లీలు ఒలుస్తోంది. నన్ను చూసి కోడలితో కుర్చీ వేయించింది. నేను నిలబడే, నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను, తప్పయింది అవ్వా, అన్నాను.

"నవ్వితే నవ్విన్రు తియ్ సారూ," అంది పల్లీల చేట పక్కకు జరిపి. "గని నువ్వు వీడియోల పూసలు తవ్వించిన సార్లకు దొరికినయ్ అంటివి. సార్లకు దొరకలే. మొదటి పూస మా యారాలి జల్లెట్ల దొరికింది. ఎర్రగ, గింతంత ఉండె. గామె ఇప్పుడు లేదు. గా మాట చెప్పకపోతివి."

బస్సులోకి వచ్చి నువ్వే చెప్పవ్వా అన్నాను. మోకాళ్ల నొప్పులు, ఇగ బస్సెక్కలేను, నువ్వే చెప్పు, సక్కగ చెప్పు, అంది. ఆ యారాలు, అంటే ఆమె తోడికోడలు, ఎలా ఉండేదో, పూస దొరికినప్పుడు ఏమందో, ఆ రోజు ఏం కూర తెచ్చుకున్నారో కూడా చెప్పింది. నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. రాసింది చదివి వినిపిస్తే రెండుచోట్ల తప్పు పట్టింది. దిద్దుకున్నాను.

ఇప్పుడు ప్రతి ట్రిప్పులో ఆ ఇద్దరు ఆడవాళ్ల గురించి చెబుతాను. జనం శ్రద్ధగా వింటారు. మీకు ఆమె ఎలా పరిచయమని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒకసారి మా బస్సులో వచ్చిందని చెప్పి, మాట మార్చేస్తాను. ఆ రోజు ఆమెను నవ్వులపాలు చేసిన సంగతి ఇంతవరకు మైకులో చెప్పలేకపోయాను.