రొయ్యల బోటు సాక్షి

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం, రైలు ఎంతకీ రాక రేణిగుంట స్టేషన్లో ఒక బెంచీ మీద కూలబడ్డాను. పక్కన కూర్చున్నాయనది కొత్త గుండు, దాని మీద గంధం ఆరిపోయి ఉంది. సత్యవేడు దగ్గర పల్లె అట, మద్రాసులో రొయ్యల బోటు మీద కూలి పని.

"వలలో పిడికెడు రొయ్యలు పడితే గంపెడు చేపలు పడతాయప్పా. రొయ్యలు ఏరుకోని, చచ్చిన చేపలన్నీ సముద్రంలోకే తోసేస్తాం. వాటికి ఐసు దండగంటాడు ఓనరు."

"అడిగేవాళ్లే లేరా?"

"పారేయకుండా ఒడ్డుకు తేవాలని సర్కారు ఆర్డరేసింది. ఆఫీసరు కాగితం తెచ్చినాడు. ఎన్ని పారేసినారని దాంట్లో ఉండాది. 'ఏమీ లేదు' అని రాసినాడు ఓనరు. కింద సాక్షిగా నా చేత వేలిముద్ర ఏయించినాడు."

"నువ్వు నిజం చెప్పలేదా?"

"చెప్తే మళ్లా బోటు ఎవురెక్కిస్తారప్పా?"

వేలిముద్ర వేసినవాళ్లు సిరాను జుట్టుకు తుడుచుకుంటారు చూడండి, అలా ఎడమ బొటనవేలిని గుండుకు రాసుకున్నాడు. వేలికి సిరా లేదు. అయినా రైలొచ్చేదాకా రాసుకుంటూనే ఉన్నాడు.

నాది గుమాస్తా ఉద్యోగం. ఆ తర్వాత పైవాళ్లు రాయమంటే, ఉన్నదాన్ని కూడా ఎన్నో కాగితాల్లో 'ఏమీ లేదు' అని రాశాను. రాసిన ప్రతిసారీ నా ఎడమచెయ్యి దానంతటదే తల మీదికి పోయేది.