మూడు వైపులా పది దెబ్బలు

జనవరి నెల, ఉదయం పదకొండు. ఆర్మీ హెలికాప్టర్ మమ్మల్ని అలాస్కాలో ఒక బోడి కొండ మీద దించింది. మైనస్ ఇరవై రెండు. ఒక బంకర్, ఒక జనరేటర్, రెండు వందల అడుగుల రేడియో టవర్. ఆ టవర్‌ని మూడు వైపుల నుంచి ఉక్కు తీగలు లాగిపట్టి నిలబెట్టాయి. వాటి మీద మంచు పేరుకోకుండా చూడటమే నాలుగు నెలల మా డ్యూటీ. ఇక్కడ మా ఊరు ఇర్వింగ్‌లో ఏ తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లినా అంకుల్స్ యుద్ధం కథలు చెప్పమంటారు. నా యుద్ధం ఇదేనండీ, చేతిలో రబ్బరు సుత్తి.

సార్జెంట్ మొదటి రోజే రూల్ చెప్పాడు. ఒక వైపు తీగకి పది దెబ్బలు, తర్వాత రెండో వైపు పది, మూడో వైపు పది. మళ్లీ మొదటికి. ఒక్క వైపే మంచంతా రాల్చేస్తే బరువున్న వైపుకి టవర్ ఒరుగుతుంది. టవర్ కూలితే కింద లోయలో గస్తీ తిరిగే పెట్రోలింగ్ టీమ్‌కి మా మాట అందదు.

నాతోపాటు ఒక క్లైంబర్, టవర్ ఎక్కేవాడు. ఈ దేశంలోనే, ప్లెయిన్స్‌బరోలో పుట్టిన మన తెలుగువాడే. వాడి తెలుగు వింటే నవ్వొచ్చేది. కానీ సార్జెంట్‌కి వాడంటే ప్రాణం. వాడు తీగ మీద చెయ్యి పెట్టి "టైట్ ఉంది" అంటే చాలు, బిగువు కొలిచే గేజ్ కూడా చూసేవాడు కాదు. నేను గేజ్ రెండుసార్లు చూసి చెప్పినా "క్లైంబర్‌ని అడిగావా?" అనేవాడు. ఒళ్లు మండిపోయేది. దాచుకోవడం దేనికి, వాడంటే నాకు కుళ్లు. ఒకే రేషన్ ప్యాకెట్ ఇద్దరం తింటున్నా వాడిదే రుచిగా ఉందనిపించేది. మాలో ఒకరిని టవర్ లీడ్, అంటే ఈ పనికి పెద్ద, చేస్తారని తెలిసింది. అది నాకే రావాలి.

ఫిబ్రవరిలో చలి కాస్త తగ్గి రెండు రోజులు, తాకగానే గడ్డకట్టే చలివాన పడింది. మూడో రోజు మళ్లీ మైనస్ పదిహేను. మధ్యాహ్నం ఒకటిన్నరకి తీగలు నా ముంజేయంత లావున్నాయి. పెట్రోలింగ్ టీమ్ లోయలోనే ఉంది. సార్జెంట్ బంకర్‌లో రేడియో దగ్గర కూర్చున్నాడు. తూర్పు తీగ నాది, వాయవ్యం వాడిది, నైరుతి వంతులవారీగా.

వాకీ టాకీలో వాడి గొంతు. "అన్నా, టెన్ అయింది. స్టాప్ చెయ్యి, నైరుతికి వెళ్లు."

"నీ పని నువ్వు చూసుకో," అన్నాను. ఆగలేదు. సార్జెంట్ బయటికి వచ్చేసరికి నా తీగ తళతళా మెరవాలి. ఇరవై, ముప్పై, నలభై. మంచు పెంకులు పెంకులుగా రాలుతుంటే నాకు ఎంత ఆనందమో!

పైన ఉక్కు కీచుమంది. టవర్ కొస పడమటికి ఒరిగింది.

"అన్నా, నీది మొత్తం క్లీన్ చేసేశావా? ఎందుకు అన్నా?"

సుత్తి పట్టుకుని వాయవ్యం తీగ దగ్గరికి, వాడి వైపు పరిగెత్తాను. వాడు తిట్టలేదు. చేతి తొడుగు తీసేసి, మంచు రాలిన చోట వట్టి అరచేయి తీగకి ఆనించాడు. తీగ వణుకు తొడుగులోంచి తెలియదు మరి. "ఇక్కడ మూడు కొట్టు. ఆగు. ఇప్పుడు నైరుతికి పరిగెత్తు, అక్కడ మూడు." నేను అటూ ఇటూ పరిగెత్తాను. టవర్ పడితే వాడి మీదే పడేది. ప్రతిసారీ చెయ్యి ఆనించి, వణుకు తగ్గాకే నాకు చెప్పాడు. ఆఖరిసారి చెయ్యి అతుక్కుపోయింది. లాక్కున్నాడు.

రెండూ ఇరవైకి టవర్ నిటారుగా నిలిచింది. సార్జెంట్ పరిగెత్తుకొచ్చి "రూల్ తప్పింది ఎవరు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే వాడు "ఇద్దరం లెక్క తప్పాం, సార్జెంట్" అన్నాడు. తర్వాత నాకు మాత్రమే తెలిసేలా, "పర్లేదు అన్నా. పెట్రోలింగ్ టీమ్ రేడియో లైన్‌లోనే ఉంది."

నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. చలికి వాడి చెయ్యి చచ్చుబడటంతో ఆ సాయంత్రమే హెలికాప్టర్ వాడిని ఆసుపత్రికి తీసుకెళ్లింది. మరో మనిషి లేడు కాబట్టి నన్ను టవర్ లీడ్ చేశారు.

మే నెలలో ఇర్వింగ్ వచ్చేశాను. ఎండ, హైవేలు, బిర్యానీ, అన్నీ మామూలే. కానీ లీడ్‌గా నా మొదటి ఉదయం కళ్ల ముందు నుంచి పోదు. వాయవ్యం తీగ దగ్గరికి వెళ్లాను. ఉక్కు మీద పావు డాలర్ బిళ్లంత చర్మం అంటుకుని ఉంది. సార్జెంట్ కంట పడకముందే గోటితో గీకి తీసేశాను.