ఒంటిచేతి స్టీరింగు

మా రాజకుమారి అంత మొండిదాన్ని సాలూరు మొత్తంలో నేను చూడలేదు. మేనకోడలని వెనకేసుకు రావడం కాదు, నిజంగానే మొండిది.

వాళ్ళ నాన్న నరసింగరావు, అంటే మా అన్నయ్య, బతుకంతా లారీ తోలాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక మంచం దిగడం, మాట్లాడడం మానేశాడు. నాన్నని మళ్ళీ లారీ ఎక్కిస్తానని ఈ పిల్ల పట్టుబట్టింది. కంప్యూటర్‌లో ఒక లారీ ఆట ఉంది. దానికి బయటివాళ్ళు సొంతంగా చేర్చే ముక్కను మాడ్ అంటారట. అలాంటిది తనే ఒకటి రాసి, అందులో మా ఘాట్ రోడ్డు పెట్టింది, ఎడమచేత్తో తిప్పే స్టీరింగు పెట్టింది. ఒక బటన్ నొక్కితే స్టీరింగు చేతికి తగ్గట్టు తేలికవుతుంది, ఒకసారి నొక్కితే చాలు, అలాగే ఉండిపోవాలి. మొదటిరోజు అన్నయ్య అది నొక్కి, ఘాటీ దిగి ఈల వేశాడు. ఆ ఈల విని ఎన్నాళ్ళయిందో!

మర్నాడు స్టీరింగు మళ్ళీ బిగుసుకుపోయింది. తొలి మలుపులోనే లారీ లోయలో పడింది. ఆ మర్నాడూ అంతే.

"నిన్న పన్జేసిన సెయ్యి ఇయాల పన్జెయ్యదేటి? నా పనయిపోనాదమ్మా. ఇంక కూకోను" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"నీ సెయ్యి బాగానే ఉన్నాది నాన్నా. తప్పు నాది" అని రాజకుమారి కోడ్ తెరిచింది. బటన్‌తో మార్చిన విలువ, అంటే స్టీరింగు ఎంత తేలికో చెప్పే అంకె, మెనూలోకి వెళ్ళి ఆట మూస్తేనే ఫైలులోకి ఎక్కేలా, లేకపోతే చెరిగిపోయేలా రాసుకుంది. అన్నయ్య ఏనాడు మెనూ చూశాడు కనక! లారీ పక్కకు తీసి తాళం లాగి దిగిపోయే మనిషి. ఇక్కడా అంతే, బండి ఆపగానే గోడమీది స్విచ్చి టక్కున కట్టేస్తాడు.

మాడ్‌లు చేసేవాళ్ళ ఫోన్ గ్రూపులో ఈ సంగతి పెడితే, ఉమాశంకర్ అనే పెద్దమనిషి సలహా పారేశాడు. "మీ నాన్నకి ఆట సరిగ్గా మూయడం నేర్పండి. ఒక్క మనిషి కోసం కోడ్ మారుస్తారా?"

నాకు ఒళ్ళు మండింది. రాజకుమారికి ఇంకా మండింది. "ఇదంతా ఆ ఒక్క మనిషి కోసమే సేసినానండీ. మా నాన్న మారడు. బండే మారతాది" అని పెట్టి, ఫోన్ అవతల పడేసింది.

బటన్ నొక్కిన మరుక్షణమే విలువ ఫైలులో పడేలా తిరగరాసింది. "నువ్వు కూకునే దాకా నేను ముద్ద ముట్టను" అని తండ్రి ముందు బైఠాయించింది. అన్నయ్య గొణుక్కుంటూ కూర్చున్నాడు, బటన్ నొక్కి స్టీరింగు సరిచేసుకున్నాడు, ఎప్పటిలాగే స్విచ్చి కట్టేశాడు.

తెల్లారాక మళ్ళీ కూర్చోబెట్టింది. తొలి మలుపు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. లారీ తిరిగింది. రెండో మలుపూ తిరిగింది.

"ఒసే, ఎనకాల టైర్లు సూసినావేటి?" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. బతుకంతా క్లీనర్లని అడిగిన మాట అది.

"సూసినాను. పోనీ నాన్నా!"